మెడ నుంచి కిందికి క్రోషే స్వెట్టర్: నాలుగు పద్ధతుల్లో మీ ఒంటికి ఏది?

రెడీమేడ్ స్వెట్టర్ వేసుకుంటే మీకు ఎక్కడ ఇబ్బంది? ఈ ప్రశ్నకు జవాబు దొరికేదాకా ప్యాటర్న్ ఎంచుకోవద్దు. కొందరికి చెస్ట్ సరిపోతే భుజాలు జారతాయి, భుజాలు సరిపోతే చెస్ట్ దగ్గర పట్టేస్తుంది. ఇంకొందరికి అన్నీ బాగుంటాయి గాని, దండ దగ్గర చేయి బిగుతు. ఈ ఇబ్బంది పోగొట్టుకోవడానికే కదా సొంతంగా అల్లుకోవడం. మరి అది పోగొట్టే పద్ధతినే ఎంచుకోవాలి. చాలామంది ఫొటోలో బాగుందని ఒకదాన్ని ఎంచుకుంటారు, ఆనక నెల రోజుల అల్లిక అల్మారాలో పడుంటుంది.

మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి అల్లడానికి ఇంత పేరు రావడానికి కారణం, మధ్యమధ్యలో వేసుకుని చూసుకునే వీలు. క్రోషేలో ఇది మరీ సులువు. రెండు సూదుల అల్లికలో వందల కుట్లు సూది మీదే ఉంటాయి. క్రోషేలో విడిగా ఉండేది ఒక్క ఉచ్చు. దానికి పిన్నీసు పెట్టి తల దూర్చడమే. అందుకే "పైనుంచి అల్లితే ఎప్పుడైనా సరిచేసుకోవచ్చు" అంటారు. ఇది సగమే నిజం. ఒంటి పొడవు, చేతుల పొడవు, నడుము దగ్గర లూజు, వీటిని నిజంగానే ఎప్పుడైనా మార్చుకోవచ్చు. మెడ, భుజం, చంక లోతు మాత్రం మొదటి 15-20 వరసల్లోనే ఖాయమైపోతాయి. అక్కడ తప్పితే కింద ఎంత బాగా అల్లినా విప్పాల్సిందే.

పోల్చే ముందు చేతిలో ఉండాల్సిన అంకెలు

ఒంటి కొలతలు ఐదు: చెస్ట్ చుట్టుకొలత, దండ చుట్టుకొలత, ఒక భుజం ఎముక నుంచి రెండో భుజం ఎముక దాకా వెడల్పు, భుజం మీద నుంచి చంక దాకా లోతు, తల చుట్టుకొలత. చివరిది మర్చిపోయేవాళ్లే ఎక్కువ. పెద్దవాళ్ల తల మామూలుగా 54 నుంచి 58 సెం.మీ. ఉంటుంది. మెడ అంచును బిగుతు చెయిన్‌తో (ఉచ్చులోంచి ఉచ్చు లాగి వేసే గొలుసుతో) మొదలుపెడితే అది సాగదు, తల పట్టదు. చెయిన్‌కి ఒక సైజు పెద్ద హుక్ వాడండి. లేదా చెయిన్, మొదటి వరస ఒకేసారి వచ్చే పునాది కుట్లతో మొదలుపెట్టండి.

తర్వాత శాంపిల్ ముక్క. కనీసం 15 సెం.మీ. చదరం అల్లి, ఉతికి, ఆరబెట్టి, మధ్యలో 10 సెం.మీ. కొలవాలి. స్వెట్టర్‌ని గుండ్రంగా అల్లబోతుంటే ముక్కనీ గుండ్రంగానే అల్లాలి, ఎందుకంటే ముందుకీ వెనక్కీ తిరుగుతూ అల్లినప్పుడు టెన్షన్ (దారం బిగుతు) మారుతుంది. కాటన్ దారమైతే ముక్కను ఒకరోజు క్లిప్పులతో వేలాడదీయండి. తన బరువుకి తనే సాగుతుంది, ఎంత సాగిందో ముందే తెలుస్తుంది.

ముక్కలో కుట్లు లెక్కపెట్టి ఊరుకోకండి, వరసలూ లెక్కపెట్టండి. నేను వరసలు వదిలేసి మొదటి స్వెట్టర్ అల్లాను. చెస్ట్ కుట్టుకి కుట్టు సరిపోయింది. చంక మాత్రం కిందికి దిగి, పై అరలో డబ్బా అందుకోబోతే స్వెట్టర్ మొత్తం నడుము పైకి లేచేది. హుక్‌ని తిట్టుకున్నాను, దారాన్ని తిట్టుకున్నాను. తప్పు లెక్కదని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇక్కడి నుంచి అన్ని పద్ధతులకూ ఒకే ఉదాహరణ తీసుకుంటాను. చెస్ట్ 92, దానికి 8 లూజు కలిపి 100 సెం.మీ. దండ 32, లూజుతో 37. భుజాల వెడల్పు 36. శాంపిల్‌లో 10 సెం.మీ.కి 14 కుట్లు, 8 వరసలు. అంటే చంక కింద ఒంటి చుట్టూ 140 కుట్లు రావాలి, చేతికి 52.

పేర్ల గురించి ఒక జాగ్రత్త. అమెరికా ప్యాటర్న్‌లో "సింగిల్" అన్నదాన్నే బ్రిటన్ ప్యాటర్న్‌లో "డబుల్" అంటారు. అమెరికా "డబుల్" బ్రిటన్‌లో "ట్రెబుల్". నేను వాడేది అమెరికా లెక్క: డబుల్ అంటే హుక్ మీద ఒకసారి దారం చుట్టుకుని అల్లేది.

ఒక్క చూపులో (యోక్ అంటే మెడ నుంచి చంక దాకా ఉండే పై భాగం)

| పద్ధతి | బాగా కుదిరే ఒళ్లు | వరసల ఎత్తు తేడా వస్తే | తప్పు బయటపడేది | లెక్క |
|---|---|---|---|---|
| రాగ్లాన్ | వాలు భుజాలు, చెస్ట్‌కీ దండకీ పెద్ద తేడా లేనివాళ్లు | చంక లోతు వెంటనే మారిపోతుంది | యోక్ సగంలో | తేలిక, మార్పులుంటే మధ్యస్థం |
| గుండ్రటి యోక్ | వాలు భుజాలు, చారలూ డిజైన్లూ ఇష్టపడేవాళ్లు | మారుతుంది, కొంత సర్దుకోవచ్చు | దాదాపు యోక్ చివర్లో | మధ్యస్థం |
| సెట్-ఇన్ | వెడల్పు లేదా ఇరుకు భుజాలు, పెద్ద చెస్ట్ | తక్కువ, వరసలు కలిపో తగ్గించో సరిచేయొచ్చు | మొదటి చిన్న ముక్కలోనే | ఎక్కువ |
| డ్రాప్ షోల్డర్ | లూజు ఇష్టపడే ఎవరైనా | దాదాపు లేదు | తప్పు పోయేంత చోటే లేదు | చాలా తక్కువ |

రాగ్లాన్: అందరూ మొదలుపెట్టేది, అందరికీ కుదరనిది

వాటర్లూ యుద్ధంలో, 1815లో, ఒక చేయి పోగొట్టుకున్న బ్రిటిష్ సైనికాధికారి లార్డ్ రాగ్లాన్ పేరు మీద ఈ చేతికి ఆ పేరు వచ్చింది. మెడ నుంచి చంక దాకా ఏటవాలుగా నాలుగు గీతలు. ప్రతి గీత దగ్గర ఒక చెయిన్ ఖాళీ, అందులో ఒక డబుల్, ఒక చెయిన్, ఒక డబుల్. గీతకు రెండు చొప్పున వరసకు 8 కుట్లు పెరుగుతాయి. పెంచడానికి ఇంతకన్నా నేర్చుకోవాల్సింది లేదు.

మన ఉదాహరణలో మెడ 76 కుట్లతో మొదలవుతుంది: ముందు 28, వెనక 28, చేతులకు పదేసి. 17 వరసల తర్వాత ముందు, వెనక 62 చొప్పున, చేతులు 44 చొప్పున అవుతాయి. అక్కడ ఒంటినీ చేతుల్నీ విడదీసి ఒక్కో చంక కింద 8 చెయిన్లు వేస్తే ఒంటికి 140, చేతికి 52. లెక్క అచ్చంగా కుదిరింది, లోతు 21 సెం.మీ. చిల్లర.

ఎవరికీ ఇంత అందంగా కుదరదు, చిక్కంతా అక్కడే. రాగ్లాన్‌లో పెంపు, లోతు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. మీ ముక్కలో 10 సెం.మీ.కి 8 వరసలకు బదులు 7 వస్తే, అవే 17 వరసలు 24 సెం.మీ. దాటుతాయి. చంక 3 సెం.మీ. కిందికి దిగిపోతుంది. డబుల్ క్రోషే వరస పొడుగ్గా ఉంటుంది కాబట్టి ఒక్క వరస అటూ ఇటూ అయినా ఒంటి మీద తెలిసిపోతుంది. సింగిల్ క్రోషేలో దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ 10 సెం.మీ.కి 16 వరసలు వస్తే, ప్రతి వరసలో పెంచినప్పుడు సగం లోతులోనే చెస్ట్ వచ్చేస్తుంది. అందుకే అక్కడ వరస విడిచి వరస పెంచాలి.

పెద్ద చెస్ట్ ఉన్నవాళ్లకు రాగ్లాన్ ఎందుకు సంచిలా వస్తుందో ఇంకో లెక్క చూడండి. లూజుతో కలిపి 120 సెం.మీ. కావాలి, అంటే 168 కుట్లు, ముందుకు 84. చంక కింద 10 చెయిన్లు వేసుకుంటే విడదీసేలోపు ముందుభాగం 74కి చేరాలి. 30తో మొదలుపెట్టి వరసకు రెండు చొప్పున పెంచితే 22 వరసలు, అంటే 27 సెం.మీ. పైగా లోతు. చంక నడుము దాకా వస్తున్నట్టుంటుంది. దీనికి మందు: ఒంటివైపూ చేతివైపూ వేర్వేరు వేగంతో పెంచడం. 19 వరసలే అల్లి, అందులో ఏవైనా మూడు వరసల్లో ముందు, వెనక భాగాల రెండు అంచుల్లోనూ ఒక్కో కుట్టు అదనంగా కలపండి. లోతు 24 సెం.మీ.కి దిగుతుంది, చేయి అనవసరంగా ఉబ్బదు. చాలా ప్యాటర్న్‌లు ఈ పని చేయవు, సైజు పెరిగేకొద్దీ ఊరికే వరసలు పెంచుకుంటూ పోతాయి. మీది పెద్ద సైజైతే ప్యాటర్న్ కొనేముందు యోక్ లోతు ఎంత ఇచ్చారో చూడండి.

వెడల్పుగా, నేరుగా ఉండే భుజాలకు రాగ్లాన్ సిఫార్సు చేయను. ఏటవాలు గీత భుజం కొన మీద లాగుతుంది, మెడ పక్కన గుడ్డ పోగవుతుంది.

ఇంకో చిన్న తలనొప్పి: తిరగకుండా ఒకే వైపు గుండ్రంగా అల్లుకుంటూ పోతే కుట్లు వరస వరసకూ కొద్దిగా పక్కకు జరుగుతాయి. రాగ్లాన్ గీత మెల్లగా మెలితిరుగుతుంది. ప్రతి వరస చివర కలిపి, వెనక్కి తిరిగి అల్లితే గీత తిన్నగా ఉంటుంది.

గుండ్రటి యోక్

గీతలు ఉండవు, పెంపు చుట్టూ పరుచుకుంటుంది. చారలు, రంగుల డిజైన్, గంపలా గుండ్రంగా తిరిగే కుట్లు దీని మీద కనిపించినంత బాగా ఇంకెక్కడా కనిపించవు. కొలతల లెక్కలో మాత్రం రాగ్లాన్‌కి కజిన్ లాంటిదే: 76 దగ్గర మొదలై 212 దగ్గర విడిపోవాలి. 17 వరసలకు సగటున వరసకు 8. డబుల్ క్రోషేలో చదునైన గుండ్రం రావాలంటే వరసకు దాదాపు 12 పెంచాలి. 8 మాత్రమే పెంచుతున్నాం కాబట్టి అది గొడుగులా వంగి భుజాల మీద కూర్చుంటుంది.

రెండు దారులున్నాయి. ప్రతి వరసలో కొద్దికొద్దిగా పెంచడం ఒకటి. మూడు వరసల్లోనే గుత్తగా పెంచడం రెండోది: 76 నుంచి 112, 160, చివరికి 212. డిజైన్ మధ్యలో పెంపు అడ్డురాకూడదనుకుంటే రెండోదే గతి. కానీ క్రోషే గుడ్డ మందం వల్ల ఆ మూడు చోట్లా చిన్న ముడతలు పడొచ్చు. డిజైన్ లేకపోతే మొదటి దారే నయం. ఒక్క జాగ్రత్త, పెంపు మీద పెంపు ఒకే నిలువులో పడనివ్వకండి. పడితే గుండ్రం పోయి మూలలు తేలతాయి.

దీనితో నాకున్న అసలు ఫిర్యాదు వేరే. సరిపోయిందో లేదో చాలా ఆలస్యంగా తెలుస్తుంది. రాగ్లాన్‌లో పదో వరసకే గీత భుజం మీద ఎటు పోతోందో కనిపిస్తుంది. ఇక్కడ చేతులు విడదీసేదాకా అంతా ఒక మెడ కాలరులా ఉంటుంది. అప్పుడు విప్పాల్సి వస్తే దాదాపు 2,500 కుట్లు పోతాయి. చంకలు పిన్నీసులతో దగ్గరికి పట్టి, పన్నెండో వరస దగ్గరే ఒకసారి వేసుకుని చూడండి.

రాగ్లాన్‌కీ దీనికీ కలిపి ఒక మాట. వెనక మెడ ముందు మెడ కన్నా కాస్త ఎత్తుండాలి. లేకపోతే మెడ ముందు గొంతుకు తగులుతుంది, రోజంతా కిందికి లాక్కుంటూనే ఉంటారు. వెనకభాగంలో మాత్రమే రెండు పొట్టి వరసలు (చుట్టూ తిరగకుండా మధ్యలోనే ఆగి వెనక్కి మళ్లేవి) వేస్తే రెండున్నర సెం.మీ. లేస్తుంది. ఇక్కడ క్రోషేకి ఒక వరం ఉంది. పొట్టి వరస కొసల్లో స్లిప్ స్టిచ్, సింగిల్, హాఫ్ డబుల్, డబుల్ అని మెట్లలా ఎత్తు పెంచుకుంటూ పోతే అతుకు కనిపించదు, రంధ్రమూ పడదు.

సెట్-ఇన్: కష్టం, కానీ కొలతకు అల్లడమంటే ఇదే

చంక చుట్టూ వంపు తిరిగిన అంచుకి చేయిని అమర్చే పద్ధతి ఇది. మొదట వెనక భాగం, అది భుజాల దగ్గర మొదలవుతుంది. 36 సెం.మీ. వెడల్పుకి 50 కుట్లు: మధ్యలో మెడకు 26, రెండు పక్కలా భుజాలకు 12 చొప్పున. 10 వరసలు తిన్నగా, తర్వాత 6 వరసల్లో రెండు అంచుల్లోనూ ఒక్కో కుట్టు పెంచుతూ వస్తే 62. మొత్తం 16 వరసలు, 20 సెం.మీ. లోతు. భుజాల అంచు మీద కుట్లు ఎత్తుకుని ముందు భాగాన్నీ ఇలాగే దింపి, మెడ దగ్గర మాత్రం వంపు తిప్పుకోవాలి. రెండూ చంక దగ్గరికి వచ్చాక పక్కకు ఎనిమిదేసి చెయిన్లతో కలిపితే 140 వస్తుంది.

ఇప్పుడు ఆ లెక్కని ఇంకోలా చూడండి. రాగ్లాన్‌లో చెస్ట్, భుజం, దండ ఒకే తాడుకి కట్టి ఉంటాయి, ఒకటి లాగితే మిగతావి కదులుతాయి. ఇక్కడ ఏ ముడికా ముడి వేరు. భుజం ఇరుకు, చెస్ట్ పెద్ద అంటే భుజానికి 46 కుట్లే పెట్టి, చంక అంచున ఎక్కువ పెంచుకోవచ్చు. ముందు 76, వెనక 64 కావాలన్నా అడ్డేం లేదు. లోతు తక్కువైతే తిన్నటి వరసలు ఒకటి రెండు కలపండి, పెంపుకి సంబంధమే లేదు. అందుకే వరసల ఎత్తు తప్పు పట్టేది తక్కువ. పైగా తప్పు వెనక ముక్కలోనే తెలిసిపోతుంది. అద్దం ముందు దాన్ని వీపుకి ఆనించి ఎవరినైనా చూడమంటే చాలు. అది విప్పినా పోయేది 840 కుట్లు, ఒక సాయంత్రం పని.

ఖరీదు చేతి దగ్గర ఉంది. చంక చుట్టూ కుట్లు ఎత్తి, భుజం మీద కొద్ది కుట్లతో మొదలుపెట్టి, ప్రతి పొట్టి వరసకూ ఇటొకటి అటొకటి కలుపుకుంటూ చంక అడుగు దాకా దిగాలి. ఎన్ని ఎత్తాలన్నదే అందరూ తడబడే చోటు. డబుల్ క్రోషే వరస అంచుకి రెండు కుట్లు ఎత్తడం అలవాటు. అలా ఎత్తితే ఇక్కడ 72 అవుతాయి, బుట్ట చేతులు తయారవుతాయి. మనకు కావాల్సింది 52. చంకని పిన్నులతో నాలుగు సమాన భాగాలు చేసి, భాగానికి 13 చొప్పున పంచుకోండి. మొదటి చేయి రెండుసార్లు విప్పుతారనుకునే మొదలుపెట్టండి. మొదటి చేతికి వేసిన ప్రతి వరస కాగితం మీద రాసుకోకపోతే రెండో చేయి వేరే మనిషిదిలా వస్తుంది.

డ్రాప్ షోల్డర్

రెండు చదరపు ముక్కలు, భుజాల దగ్గర కలిపి కిందికి దింపడం. పెంపు లేదు, వంపు మెడకే. చెస్ట్‌కి 20 సెం.మీ. లూజు పెట్టుకుంటే మన ఉదాహరణలో ముక్కకి 56 సెం.మీ., 78 కుట్లు. భుజం కుట్టు దండ మీదికి జారుతుంది కాబట్టి చేయి పొడవు మామూలుగా కొలిస్తే మోసం. మెడ వెనక ఎముక నుంచి మణికట్టు దాకా కొలవండి. అది 76 ఉందనుకుంటే, అందులోంచి ముక్క వెడల్పులో సగం 28 తీసేస్తే 48 సెం.మీ. చేయి చాలు.

దీన్ని ఒంటికి అతికే స్వెట్టర్ అనలేం. క్రోషే గుడ్డ బిరుసు కాబట్టి చంక కింద ముడత పోగవుతుంది, మందపాటి దారమైతే చేతులు ఒంటికి ఆనవు. పల్చటి దారం, పెద్ద హుక్, జారే గుడ్డ ఉంటేనే అందం. మొదటిసారి అల్లేవాళ్లకు మాత్రం ఇదే చెబుతాను. చదునుగా అల్లడం వస్తే చాలు, స్వెట్టర్ పూర్తవుతుంది. పూర్తయిన స్వెట్టర్ నేర్పినంత, సగంలో ఆగిన రాగ్లాన్ నేర్పదు.

సాడిల్ షోల్డర్ అని ఐదోది కూడా ఉంది, భుజం మీద పట్టీలా అల్లి దాని రెండు పక్కల నుంచి కుట్లు ఎత్తేది. బాగుంటుంది. సెట్-ఇన్ ఒకసారి చేసినవాళ్లకు దాన్ని వేరే చెప్పక్కర్లేదు.

అయితే మీరు?

పిల్లలకు అల్లుతుంటే రాగ్లాన్. పిల్లల ఒంటికి చెస్ట్, దండ తేడాలు పెద్దగా ఉండవు. వచ్చే ఏడాది అంచూ చేతులూ విప్పి ఇంకో పది వరసలు దింపొచ్చు. ఒకే రంగు దారం కొంచెం దాచిపెట్టండి.

మీకు చెస్ట్ ఒక్కటే సమస్యైతే రాగ్లాన్‌ని వదలక్కర్లేదు. పైన చెప్పిన వేర్వేరు పెంపుతో పాటు, చంకకు 5-6 సెం.మీ. కింద ముందుభాగంలో మాత్రం పొట్టి వరసలు వేయండి. భుజం నుంచి నడుము దాకా ముందూ వెనకా టేపు పెట్టి కొలవండి, తేడా 5 సెం.మీ. అయితే 4 వరసలు. స్వెట్టర్ ముందు అంచు పైకి లేవడం అక్కడితో ఆగుతుంది. చెస్ట్‌తో పాటు భుజం కూడా సమస్య అయితే సర్దుబాట్లతో విసిగిపోతారు, సెట్-ఇన్ నేర్చుకోండి.

మందపాటి దారంతో త్వరగా అయిపోవాలనుకునేవాళ్లు రాగ్లాన్, గుండ్రటి యోక్ రెండింటికీ దూరంగా ఉండటం మంచిది. 10 సెం.మీ.కి 5 వరసలే వస్తే యోక్ మొత్తం పదో పదకొండో వరసలు. అన్ని కొద్ది వరసల్లో ఒక్క వరస అటూ ఇటూ అయినా లోతు 2 సెం.మీ. మారిపోతుంది. అంత దారానికి లెక్కలో డ్రాప్ షోల్డరే హాయి, కాకపోతే పైన చెప్పినట్టు చంక కింద ముడతనీ, ఒంటికి ఆనని చేతుల్నీ భరించాలి.

రంగుల చారల మీద మనసుంటే గుండ్రటి యోక్, కానీ భుజాలు నేరుగా, వెడల్పుగా ఉంటే ఆ మనసు కాస్త చంపుకుని చారలు సెట్-ఇన్‌లో ఒంటి మీదే వేసుకోండి. చేతుల చారల్ని ఒంటి చారలతో కలపడం ఎలాగూ పెద్ద పని.

ఇక ఒక భుజం రెండోదానికన్నా కిందికి ఉన్నవాళ్లు చాలామందే ఉంటారు, రోజూ ఒకే భుజానికి బరువు సంచి తగిలించుకున్నా అంతే. ఎడమ, కుడి వేరుగా మొదలయ్యేది సెట్-ఇన్‌లోనూ డ్రాప్ షోల్డర్‌లోనూ మాత్రమే. ఎత్తుగా ఉన్న భుజం వైపు మెడ పక్క నుంచి భుజం మధ్య దాకా ఒక్క పొట్టి వరస అదనంగా వేసి, కొసని సింగిల్, స్లిప్ స్టిచ్‌లతో తగ్గిస్తే ఒక సెం.మీ. పైన లేస్తుంది. మెడ ఒక పక్కకు జారడం దానితోనే ఆగిపోవచ్చు. ఆగకపోతే ఇంకో వరస.